మూడు స్టేషన్లు, ఆరు చిట్టా పుస్తకాలు
(ప్రపంచ రేడియో దినోత్సవం సందర్భంగా నెల్లూరులో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, పెద్దలకు, సాయంత్రం పనులు మానుకొని వచ్చిన శ్రోతలకు నమస్కారం. శ్రోతలు అన్న మాటను నేను అలవాటు కొద్దీ వాడలేదు. ముందు వరుసల్లో కూర్చున్నవారిలో కనీసం నలుగురి గొంతులు నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. ముఖాలు మాత్రం ఇందాక మెట్ల దగ్గర వారు పలకరించినప్పుడే మొదటిసారి చూశాను. ఒకరు "నేనండీ" అనగానే, ఆయన పేరు చెప్పకముందే ఊరి పేరుతో సహా నేనే చెప్పాను.

ఫిబ్రవరి 13ను ప్రపంచ రేడియో దినోత్సవంగా జరపాలని యునెస్కో 2011లో నిర్ణయించింది. ఆ సందర్భంగా రేడియో గురించి ఏదైనా మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. రేడియో నాటికల గురించి, పాటల గురించి, వార్తలు చదివినవారి గురించి చెప్పగలిగినవారు చాలామంది ఉన్నారు. నేను బతికింది మాత్రం ఒకే ఒక్క కార్యక్రమంతో. శ్రోతలు అడుగుతారు, తెలిసినవారి చేత జవాబు చెప్పిస్తాము, మధ్యలో మరొక శ్రోత కలగజేసుకుంటాడు. అంతే ఆ కార్యక్రమం. అది ముప్పై ఏళ్ళలో మూడు స్టేషన్లు మారింది. మాటల కార్యక్రమం ఒక చోటు నుంచి మరొక చోటుకు పోయినప్పుడు దానితో ఏమి వెళుతుంది, వెనక ఏమి మిగిలిపోతుంది అన్నదే ఈరోజు నేను చెప్పదలచుకున్న విషయం. ఆ మూడు స్టేషన్ల పేర్లు చెప్పను. వాటిలో పనిచేసినవారందరూ నాకు కావలసినవారే, పైగా నేను చెప్పబోయే తప్పుల్లో పెద్దది నాదే.

ముందు మన ప్రాంతంలో రేడియో వినడం ఎలా ఉండేదో కాస్త చెప్పాలి. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు తీసి ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పాటు చేశారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. పటం మీద గీతలు మారాయి గాని, ఇళ్ళల్లో రేడియో ముల్లు మారలేదు. గుంటూరు నుంచి వచ్చిన ఒంగోలు, అద్దంకి వైపువారు 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రాన్ని తమ సొంత కేంద్రంగా భావించేవారు. కర్నూలు నుంచి వచ్చిన మార్కాపురం, గిద్దలూరు వైపు కడప కేంద్రం బాగా వినిపించేది. కందుకూరు, కనిగిరి, పొదిలి నెల్లూరు నుంచి వెళ్ళిన తాలూకాలు. అక్కడా, ఇక్కడ నెల్లూరు పట్నంలోనూ, పాతతరం వారికి 1938లో మొదలైన మద్రాసు కేంద్రం మీద మమకారం ఉండేది. ఒకే జిల్లా అన్న పేరు కింద మూడు ఆకాశాలు ఉండేవన్నమాట.

మాది కనిగిరి దాటి పామూరు దారిలో ఒక పల్లె. మా నాయన తోలు సంచిలో పెట్టుకున్న ట్రాన్సిస్టరు మీద 720 కిలోహెర్ట్జ్ దగ్గర మద్రాసు, 837 దగ్గర విజయవాడ, 900 దగ్గర కడప. ఈ మూడు చోట్లా గోటితో గీసిన గుర్తులు ఉండేవి. షార్ట్ వేవ్ తిప్పితే సిలోన్ నుంచి, అంటే నేటి శ్రీలంక నుంచి, మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు. సముద్రం అవతల కూర్చున్న ఆవిడ మన ఊళ్ళ పేర్లు చదువుతుంటే, ఆ ఊరివాళ్ళు నెలరోజులు ఆ సంగతి చెప్పుకొనేవారు. ఎవరి ఊరి పేరు గాలిలో వినిపిస్తుందో ఆ ఊరు ఆ స్టేషనుకు చెందుతుందని నాకు అప్పుడే మనసులో పడింది. ఆ తర్వాత నేను చేసిన పని అంతా దాని నుంచి పుట్టిందే.

తరంగాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదానికి మూలం అందులో ఉంది. పగటిపూట సూర్యరశ్మి వల్ల, ఆకాశంలో చాలా ఎత్తున ఉండే అయనావరణంలో ఏర్పడే కింది పొర మీడియం వేవ్ తరంగాలను పీల్చేస్తుంది. అందువల్ల అవి నేల వెంట పోయినంత మేరకే అందుతాయి. పొద్దు గూకిన తర్వాత ఆ పొర పలచబడి, తరంగాలు పై పొరను తాకి తిరిగి నేలకు వంగుతాయి. రాత్రిళ్ళు ఎక్కడెక్కడి స్టేషన్లూ వినిపించడానికి కారణం అదే. ఎఫ్.ఎం. తరంగాలు అలా వంగవు. దాదాపు చూపు ఆనే దూరం వరకే వెళతాయి, కొండ అడ్డం వస్తే ఆగిపోతాయి. శబ్దం మాత్రం శుభ్రంగా, గరగర లేకుండా ఉంటుంది. మీడియం వేవ్ నుంచి ఎఫ్.ఎం.కు మారిన కార్యక్రమం మెరుగైందని పట్నంవారు అంటారు. వెలుగొండల కింద ఉన్నవాడికి అది కేవలం ఆగిపోయింది.

నేను మొదటి స్టేషన్లో క్యాజువల్ అనౌన్సరుగా చేరాను. నెలకు ఆరు డ్యూటీలు. ఆదివారం ఉదయం అరగంట, ఉత్తరాలకు జవాబులు చెప్పే కార్యక్రమం నాకు అప్పగించారు. వ్యవసాయం, పశువులు, ఆరోగ్యం, ఇంటి కాగితాలు, పిల్లల చదువులు, ఏదైనా అడగవచ్చు. వినడం, కలిసి చర్చించడం, పనిలో పెట్టడం అన్న పద్ధతి మన దేశానికి కొత్తది కాదు. 1956లో పుణె చుట్టుపక్కల 150 పల్లెల్లో రైతులను రేడియో ముందు కూర్చోబెట్టి చేసిన ప్రయోగం దేశమంతటికీ దారి చూపింది. అయితే మనవైపు ఉత్తరాల సంచీ ఒక్కసారిగా బరువెక్కడానికి వేరే కారణం ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం పల్లెపల్లెకూ వెళ్ళింది. రాత్రి బడుల్లో కూడుకున్న ఆడవాళ్ళు చదువుతోపాటు తమ బాధలు మాట్లాడుకున్నారు. దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ రోజుల్లో మాకు వచ్చిన పోస్టుకార్డులు కొన్ని ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉన్నాయి. పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కొక్క గుణింతం దగ్గర పెన్ను ఆగి సిరా మచ్చ పడినవి, కార్డు మొత్తానికి రెండే వాక్యాలు. ఆ రెండు వాక్యాల్లో ఒకటి ప్రశ్న, ఒకటి ఊరి పేరు. అటువంటి కార్డు ఒక్కటి కూడా చదవకుండా పక్కన పెట్టలేదని గట్టిగా చెప్పగలను.

చిట్టా పుస్తకాలు అప్పుడే మొదలయ్యాయి. అంగళ్ళలో జమాఖర్చులు రాసుకొనే పొడవాటి ఎర్ర అట్ట పుస్తకం ఒకటి కొని, గడులు గీశాను. తేదీ, ఊరు, అడిగిన మాట, చెప్పిన జవాబు, ఎవరిని అడిగి చెప్పాము, తర్వాత ఏమైంది, ఆరు గడులు. ఆఖరి గడి నింపడమే కష్టం. జవాబు చెప్పిన తర్వాత ఆ మనిషికి పని జరిగిందా లేదా అన్నది మళ్ళీ ఉత్తరం వస్తేనే తెలుస్తుంది. రానివాటిని నేనే రాసి అడిగేవాణ్ణి. సగం గడులు ఖాళీగానే ఉండేవి, కానీ ఖాళీ కనబడుతూ ఉండడం మంచిది.

ఊళ్ళల్లో దూరపు ఊళ్ళకు డబ్బిచ్చి ఫోన్ చేసుకొనే ఎస్.టి.డి. బూత్‌లు వచ్చాక ఉత్తరాల కార్యక్రమం ఫోన్-ఇన్ అయింది. ఇది విన్నంత సులువైన మార్పు కాదు. ఉత్తరాన్ని ముందే చదివి, జవాబు తెలిసినవారి దగ్గరకు వెళ్ళి, టేపు మీద రికార్డు చేసి, బ్లేడుతో కోసి అతికించి, అరగంటకు సరిపెట్టేవాళ్ళం. ఫోనులో ప్రశ్న అప్పటికప్పుడు వస్తుంది; బూత్‌లో మీటరు తిరుగుతూ ఉంటుంది, అవతలివాడి కళ్ళు ఆ ఎర్ర అంకెల మీద ఉంటాయి, అందుకే గబగబా అడిగేస్తాడు. నేను ముందు చేసే పని ఆయన నంబరు తీసుకుని, పెట్టేయమని చెప్పి, స్టేషన్ నుంచి మేమే తిరిగి చేయడం. దీనికి మా ప్రోగ్రాం అధికారి ఒకరు పైవారితో చాలా పోట్లాడి ఒప్పించారు. ఆయన పేరు చెప్పుకోవాలని ఉంది గాని, మాట ఇచ్చాను కాబట్టి చెప్పను.

ఒక ఆదివారం సంగతి చెబుతాను. కొండపి వైపు నుంచి ఒక పొగాకు రైతు. బ్యారన్‌లో, అంటే ఆకు కాల్చే గదిలో, ఆకు పండడం లేదు, మూడు రోజులు మంట వేసినా పచ్చగానే నిలిచిపోతోంది. స్టూడియోలో ఉన్న నిపుణుడు సరిగ్గానే చెప్పారు. ఆకు పసుపు తిరగకముందే వేడి పెంచితే పచ్చదనం అలాగే గట్టిపడిపోతుంది, మొదట్లో సన్నని సెగ, గాలిలో తేమ ఉండాలి అన్నారు. ఆ రైతు "సెగ సన్నంగానే పెట్టినానండీ" అన్నాడు. ఇద్దరూ ఆగిపోయారు. నేను పాట వేయలేదు. అటువంటి నిశ్శబ్దాన్ని కొంతసేపు ఉండనివ్వాలని అప్పటికే నేర్చుకున్నాను. ఇంతలో రెండో లైను మోగింది. టంగుటూరు దగ్గర నుంచి ఒక పెద్దాయన. "అబ్బాయా, నీ బ్యారన్ సంగతి తర్వాత, ఆకు ముదరకముందే కోసినావేమో చూసుకో. లేతాకు ఎట్లా కాల్చినా పండదు" అన్నాడు. అవతల లైనులో రైతు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కూలోళ్ళు దొరికారని వారం ముందే కోయించినా పెద్దాయనా" అన్నాడు. ఆ జవాబు నిపుణుడిదీ కాదు, నాదీ కాదు. ఇద్దరు రైతుల మధ్య నలభై మైళ్ళ దారి కూడా లేదు. అయినా వారిని కలిపిన చోటు ఆ అరగంటే. మంచి మాటల కార్యక్రమం అంటే ఏమిటని ఎవరు అడిగినా నేను ఆ రెండో లైను గురించే చెబుతాను.

ఇక్కడ ఒక చిన్న విషయం మీరు గమనించాలి. ఎస్.టి.డి. కోడు ఒంగోలుకు 08592, మార్కాపురానికి 08596, కావలికి 08626, నెల్లూరుకు 0861. స్టేషను ఏ కోడు కింద ఉంటే ఆ చుట్టుపక్కల వారికి లోకల్ కాల్. మిగతావారికి డబ్బు ఖర్చు. ఫోన్ చేసేవారి ఊళ్ళను పుస్తకంలో లెక్క చూస్తే, తరంగాలు వెళ్ళినంత దూరం నుంచి కాక, కాల్ ధర భరించగలిగినంత దూరం నుంచే ఎక్కువ మంది మాట్లాడేవారు. కార్యక్రమం స్టేషను మారడమంటే ట్రాన్స్‌మిటర్ మారడమే కాదు, ఎవరు మాట్లాడగలరో మారిపోవడం.

మొదటి స్టేషన్లో కార్యక్రమం ఆగిపోయిన తీరు క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందులో ఎవరి దుర్మార్గమూ లేదు. మూడు నెలలకొకసారి కార్యక్రమాల పట్టిక తిరగరాస్తారు. ఒక పట్టికలో ఆదివారం అరగంట వేరే కార్యక్రమానికి వెళ్ళింది. శుక్రవారం చెప్పారు, ఆదివారం లేదు. శ్రోతలకు ఒక్క మాట చెబుతానని అడిగితే, పట్టికలో లేని ప్రసారానికి మైకు ఎలా ఇస్తామని అన్నారు. టేపులు స్టేషన్ ఆస్తి, అది న్యాయమే. అయితే టేపు చుట్టే స్పూళ్ళు కరవుగా ఉన్న రోజులు కాబట్టి, పాత రికార్డింగులు చెరిపి కొత్తవి చేసేవారు. టంగుటూరు పెద్దాయన గొంతు ఉన్న స్పూలు మీద మరుసటి నెల ఒక భజన బృందం రికార్డు అయింది. భజన బాగుంది. కానీ ఆ గొంతు ఇప్పుడు ఈ లోకంలో ఎక్కడా లేదు, నా పుస్తకంలో ఒక గడిలో ఉన్న రెండు వాక్యాలు తప్ప.

కొన్నాళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో వింజమూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ నా గొంతు గుర్తుపట్టింది. "ఆదివారం ఆదివారం పెడతానే ఉండాను నాయనా, పాటలే వస్తుండాయి. నువ్వు చచ్చిపోయినావేమో అనుకొని, ఎవర్నడగాలో తెలీక ఊరుకున్నా" అంది. ఆమె చేయి పట్టుకొని నిలబడ్డాను. ఎంత ఆలోచించినా ఆమెకు చెప్పదగిన మాట నాకు దొరకలేదు.

కార్యక్రమాలు కేంద్రం మారడం రేడియో చరిత్రలో కొత్త కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమాలు మద్రాసు కేంద్రంలో నడిపి, 1956లో రాష్ట్రం ఏర్పడ్డాక హైదరాబాదుకు వచ్చి అక్కడ కొనసాగించారు. రేడియో అన్నయ్య, అక్కయ్య అన్న పిలుపు కూడా వారితోపాటే వచ్చింది. అమీన్ సయానీ గారి హిందీ సినిమా పాటల కార్యక్రమం గీత్‌మాలా 1952లో సిలోన్‌లో మొదలై, 1989లో వివిధ భారతికి మారింది. అవి మారగలిగాయంటే, మొదటిదానికి నడిపేవారే ప్రాణం, రెండోదానికి వెనుక ఒక పళ్ళపేస్టు కంపెనీ అండ, అన్నిటికీ మించి పాట ఎక్కడ వేసినా పాటే. ఒక ఊరి ప్రశ్న అలా కాదు.

అమెరికాలో మాటల రేడియో పెరిగిన తీరు చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ పాటలు ఎఫ్.ఎం.కు తరలిపోయాక, మీడియం వేవ్ స్టేషన్లకు మాటలే ఆధారమయ్యాయి. వివాదాస్పద విషయాల్లో అన్ని పక్షాలకూ చోటివ్వాలన్న 1949 నాటి నియమాన్ని 1987లో ఎత్తివేశారు. రష్ లింబా 1984లో శాక్రమెంటోలో ఒక స్థానిక స్టేషన్లో మాట్లాడుతూ పేరు తెచ్చుకొని, 1988లో న్యూయార్కు వెళ్ళి, అక్కడి నుంచి దేశంలోని వందల స్టేషన్లకు వినిపించాడు. ఆయన రాజకీయాలు నాకు అక్కరలేదు. నేను చూసేది ఏర్పాటును. అక్కడ కార్యక్రమం నడిపేవాడి సొత్తో, దాన్ని స్టేషన్లకు అమ్మే సంస్థ సొత్తో అవుతుంది. స్టేషను అద్దె ఇల్లులాంటిది, ఎన్నైనా మారవచ్చు. నాకు ఇష్టమైన ఉదాహరణ వేరే. బోస్టన్‌లో టామ్, రే మాలియోట్సీ అనే ఇద్దరు అన్నదమ్ములు 1977లో ఒక స్థానిక స్టేషన్లో కార్ల రిపేర్ల గురించి ఫోన్లు తీసుకోవడం మొదలుపెట్టారు. 1987 నుంచి దేశమంతటా వినిపించి, 2012 వరకు కొత్త భాగాలు చేశారు. ఇంజను శబ్దం బోస్టన్‌లోనైనా కాలిఫోర్నియాలోనైనా ఒకటే కాబట్టి ఆ కార్యక్రమం దేశమంతా తిరగగలిగింది. మాది తిరగలేదు. కొండపి ఆకు, గూడూరు నిమ్మ, కోట వైపు రొయ్యల చెరువు, కనిగిరి బోరు నీళ్ళు, వీటిలో ఒకచోటి జవాబు మరొకచోట చెల్లదు.

రెండో స్టేషను ప్రైవేటు ఎఫ్.ఎం. గాలి తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వానికి వాటి మీద గుత్తాధిపత్యం ఉండకూడదని 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పులో విడిగా తన అభిప్రాయం రాసిన న్యాయమూర్తి మన తెలుగువారు, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారు. ప్రజల ఆస్తి అన్న ఆ మాటను నేను ఎంతో సంతోషంతో చదివాను. ఆచరణలో తరంగాలు వేలానికి వచ్చాయి. వేలంలో కొన్నవాడు ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవాలి కదా. ప్రైవేటు స్టేషన్లకు సొంత వార్తలు నిషేధం కాబట్టి మిగిలింది సినిమా పాట. నన్ను పిలిచినవారు మంచి మనసుతోనే పిలిచారు. పాత కార్యక్రమం పేరు మీద శ్రోతలు వస్తారని ఆశించారు. మొదట గంట ఇచ్చారు. తర్వాత పాటకూ పాటకూ మధ్య నాలుగేసి నిమిషాలు, ఆ తర్వాత తొంభై సెకండ్లు. తొంభై సెకండ్లలో రైతు తన ఊరి పేరు, భూమి వివరం చెప్పి ఊపిరి తీసుకునేసరికి పాట మొదలవుతుంది. రెండో లైను అన్నదానికి చోటే లేదు.

ఒకసారి మిరప విత్తనం మొలవలేదని ఒక రైతు సంచి మీద ఉన్న లాట్ నంబరుతో సహా చెప్పాడు. బిల్లు దాచుకోమని, సంచీ పారేయవద్దని, మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోమని చెప్పాము. చెప్పవలసిన జవాబు అదే. ఆ వారం స్పాన్సరు తరఫు మనిషి వచ్చాడు. నాతో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. కాల్స్ ముందుగా రికార్డు చేసుకుని, చూసుకుని వేద్దామని అన్నారు. ముందు రికార్డు చేయడం తప్పు కాదు, ఆ అమెరికా అన్నదమ్ములు కూడా అలాగే చేసేవారు. ఏ కాల్ ఎందుకు తీసేస్తున్నారన్నదే తేడా. నాలుగు నెలల తర్వాత నేనే మానుకున్నాను. ఈసారి మాత్రం ఆఖరి రోజు మైకులో చెప్పి వెళ్ళాను; ఆ ఒక్కటి అడిగి సాధించుకున్నాను.

మూడోది కమ్యూనిటీ రేడియో, అంటే ఒక ప్రాంతంవారి కోసం నడిచే చిన్న స్టేషను. 2002లో విద్యాసంస్థలకు, 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకు కూడా అనుమతి ఇచ్చారు. 2008లో అప్పటి మెదక్ జిల్లా మాచనూరులో దళిత మహిళలే నడిపే సంగం రేడియో మొదలైంది. నేను అక్కడికి వెళ్ళి చూసి వచ్చాను. స్టేషన్‌కు వచ్చి మాట్లాడేవారూ, మాట్లాడించేవారూ, పరికరాలు నడిపేవారూ ఒకే ఊరి మనుషులు కావడం నా కళ్ళతో చూశాక, నేను నేర్చుకున్నది తిరిగి నేర్చుకోవలసి వచ్చింది. మా స్టేషన్‌కూ అదే 100 వాట్లు, పది పదిహేను కిలోమీటర్ల మేర. ప్రకటనలు గంటకు అయిదు నిమిషాలు దాటకూడదన్న నిబంధన అప్పట్లో ఉండేది, మాకు ఆ అయిదు నిమిషాలూ ఎప్పుడూ నిండలేదు. గదికి కోడిగుడ్ల అట్టలు కొట్టి శబ్దం మూయించాము. ఫోను మోగడం తగ్గింది, ఎందుకంటే అడగవలసినవారు సైకిలు మీద వచ్చేస్తున్నారు. ప్రసారం జరుగుతుండగా తలుపు తోసుకొని గేదె సంగతి అడిగిన ఆయనకు అక్కడే కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ముప్పై ఏళ్ళలో ఆ కార్యక్రమం అంత బాగా ఎప్పుడూ నడవలేదని నా నమ్మకం. కానీ పాత పుస్తకాల్లో ఉన్న ఊళ్ళలో నూటికి తొంభై ఊళ్ళకు అది వినిపించదు.

నేను చేసిన తప్పు ఇక్కడే బయటపడింది. మొదటి స్టేషన్ రోజుల్లో కనిగిరి వైపు నుంచి ఒక ఇల్లాలు ఫోను చేసింది. బోరు నీళ్ళు తాగితే పిల్లల పళ్ళు గారపడుతున్నాయి, అత్తగారు నడుము వంచలేకపోతోంది, నీళ్ళు కాచి తాగితే పోతుందా అని అడిగింది. ఆ రోజు స్టూడియోకు రావలసిన వైద్యుడు రాలేదు. కాచి చల్లార్చి తాగడం ఎప్పుడూ మంచిదేనమ్మా అని నేనే చెప్పేశాను. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలినదానిలో దాని పాళ్ళు ఇంకా పెరుగుతాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు, వేరే నీళ్ళు చూసుకోవడమో, ఫ్లోరైడ్ తీసే పద్ధతి వాడడమో చేయాలి. ఈ సంగతి ఆ వారంలోనే ఒక లెక్చరరు నాకు వివరంగా చెప్పారు. వచ్చే ఆదివారం సవరించుకుంటానని ఆఖరి గడిలో ఎర్ర సిరాతో రాసుకున్నాను. ఆ ఆదివారం కార్యక్రమం లేదు.

రెండో స్టేషన్లో మొదటి రోజే ఆ సవరణ చదివాను. ఆ ఎఫ్.ఎం. కనిగిరికి అందదు. మూడో స్టేషన్లోనూ చదివాను, 100 వాట్లు ఆ కొండల దాకా పోవు. రెండుసార్లు గాలిలో చెప్పి, చెప్పేశానని నన్ను నేను నమ్మించుకున్నాను. పుస్తకాలు సర్దుతూ ఆ ఎర్ర సిరా గడి మళ్ళీ చూసినప్పుడు తెలిసింది, నేను చెప్పింది వేరే ఊళ్ళకు. ఫోన్-ఇన్ నడిపేవాడు ఒక ఊరికి జవాబు చెబితే ఆ ఊరికి బాకీ పడతాడు. స్టేషను మారినంత మాత్రాన బాకీ మారదు. ఒప్పందాలూ, పట్టికలూ, వేలాలూ ఆ బాకీని లెక్కలోకి తీసుకోవు. అందుకే స్టేషన్లు నడుపుతున్న యువకులను, ఈ సభలో ఉన్నవారిని కూడా, రెండు కోరుతున్నాను. కార్యక్రమం ఆపదలచుకుంటే ఆపండి, కానీ మూడు వారాలు ముందు ప్రసారంలోనే చెప్పండి, చెప్పిన జవాబుల్లో తప్పులుంటే ఆ మూడు వారాల్లో దిద్దుకొనే వీలు కలుగుతుంది. రికార్డింగులు ఇప్పుడు స్పూళ్ళ మీద లేవు, చిన్న డబ్బాలో పదేళ్ళ ప్రసారం పడుతుంది; చెరపకండి.

పోయిన మాఘమాసంలో బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాను. పుస్తకంలో ఊరి పేరు, ఇల్లాలి ఇంటిపేరు ఉన్నాయి. బడి పక్కన శుద్ధి చేసిన నీళ్ళ ప్లాంటు ఉంది, బిందెలు వరుసగా పెట్టి ఉన్నాయి. ఇల్లు చూపించారు. ఆమె ఉంది, జుట్టు నెరిసింది. అత్తగారు పోయి చాలా కాలమైందట. నేనెవరో చెప్పాను. గొంతు విని పోల్చుకొంది. ఆ రోజు చెప్పింది తప్పమ్మా, కాస్తే పోదు అన్నాను. "రెండేళ్ళు కాచినామయ్యా, పొయ్యి కింద కట్టెలు కూడా కొనుక్కొని కాచినాం" అంది. తర్వాత కూర్చోమని, మజ్జిగ తెచ్చి ఇచ్చింది. పెద్ద కొడుకు పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉన్నాయి, అతను నవ్వేటప్పుడు పెదవి మూసుకుంటాడు.

ఆరు పుస్తకాలూ ఈ బల్ల మీద ఉన్నాయి. మనుషుల పేర్లు కొట్టివేసి, ఊళ్ళ పేర్లు ఉంచి, నకళ్ళు తీయించాను. అవి ఈ గ్రంథాలయంలో ఉంటాయి. మూడో పుస్తకంలో ఎర్ర సిరా ఉన్న గడిలో, తర్వాత ఏమైంది అన్నచోట, బస్సు దిగిన రోజు తేదీ వేసి, ఊరికి వెళ్ళి చెప్పాను అని నీలం సిరాతో రాశాను. దాని కింద ఇంకా నలభై మూడు గడులు ఖాళీగా ఉన్నాయి. వచ్చే నెల పొదిలి, ఆ తర్వాత ఉదయగిరి వైపు వెళుతున్నాను. మీలో ఎవరైనా ఆ ఊళ్ళవారు ఉంటే, సభ అయ్యాక ఈ బల్ల దగ్గరకు వచ్చి పేజీలు చూడండి.